హాలీవుడ్ పెరట్లో పాతకార్ల సంత

సినిమా తారల చీరలు, నగలు, బంగళాల గురించి మనకు తెలిసినంతగా వాళ్ళ కార్ల సంగతి తెలియదు. చీర చిరుగుతుంది. బంగళా పోయి అపార్ట్‌మెంటు వస్తుంది. కారు మాత్రం, ఏ పుణ్యాత్ముడో షెడ్డులో పెట్టి తార్పాలిన్ కప్పితే చాలు, యాభై అరవై ఏళ్ళు గడిచినా అక్కడే కూర్చుని ఉంటుంది. మరి ఆనాటికి దాని ధర ఎంత? తళతళలాడేలా కొత్త రంగు పూసి, కొత్త ఇంజను బిగించి అమ్మితే ఎక్కువ వస్తుందా? దుమ్మూ ధూళితో ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే ఎక్కువ వస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ లాస్ ఏంజెలిస్ వెళ్ళానంటే మీరు నమ్మరు. నమ్మకండి కూడా! నేను వెళ్ళింది మా పెద్దక్కయ్యను చూడటానికి. జవాబు మాత్రం అక్కడే, ఓ హోటలు ముందర కార్లు నిలిపే స్థలంలో దొరికింది.

కొండకు ఇవతల

మనం ‘హాలీవుడ్’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ వార్నర్ బ్రదర్స్ స్టూడియో, వాల్ట్ డిస్నీ స్టూడియో ఉన్నది హాలీవుడ్‌లో కాదు. కొండకు ఇవతల, బర్‌బ్యాంక్ అనే ఊళ్ళో. కోడంబాకం అనేసి వడపళనిని, సాలిగ్రామాన్ని కూడా అందులోనే కలిపేసుకోలేదూ మనం? అలాంటిదే ఇదీ!

అక్కయ్యావాళ్ళ ఇల్లు బర్‌బ్యాంక్‌కు అరగంట దూరం. నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో చిన్న యుద్ధం నడుస్తోంది. కారణం వాకిట్లో నిలబెట్టిన లేత నీలం కారు. 1966 నాటి ఫోర్డు మస్టాంగ్!

మస్టాంగ్‌ను ఫోర్డు కంపెనీ 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకు తెచ్చింది. ఆరంభ ధర 2,368 డాలర్లు. పొడుగాటి ముక్కు, పొట్టి వెనకభాగం, కుర్రకారు కొనగలిగే ధర... ఇంకేం, అమెరికా అమెరికా అంతా ఎగబడింది. మా బావ చిన్నప్పుడు గుంటూరులో ఇంగ్లీషు సినిమాలు చూసి ఈ కారు మీద మనసు పారేసుకున్నాడట. ముప్పై ఏళ్ళ తర్వాత, వీధి చివర ఉండే ఓ ముసలావిడ, భర్త పోయాక ఆయన కారు అమ్ముతుంటే కొనేశాడు.

“చూస్తూండరా! ఇందులో ఉన్న ఆరు సిలిండర్ల ఇంజను పీకించి ఎనిమిది సిలిండర్లది పెట్టిస్తాను. ఎర్ర రంగు కొట్టిస్తాను. ఏసీ, లెదరు సీట్లు, పెద్ద చక్రాలు! రెండింతలు పలక్కపోతే నన్నడుగు” అన్నాడు బావ ఉత్సాహంగా.

అక్కయ్య కాఫీ గ్లాసు నా చేతికిస్తూ నిట్టూర్చింది. “వీళ్ళ ఆఫీసులో ఈ ఏడాది రెండుసార్లు మనుషుల్ని తీసేశారురా. మూడోసారి ఈయన వంతొస్తే ఆ కారు అమ్మే పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి. దానికింకా డబ్బు పోస్తే తిరిగొస్తుందో రాదో ముందు కనుక్కోమంటున్నాను. తప్పా?”

తప్పు కాదు. కనుక్కోవడానికి శుక్రవారం సాయంత్రం ముగ్గురం అదే కారులో బయల్దేరాం.

శుక్రవారం సంత

బర్‌బ్యాంక్‌లో రివర్‌సైడ్ రోడ్డు మీద ‘బాబ్స్ బిగ్ బాయ్’ అనే హోటలు ఉంది. 1949లో కట్టారు. అమెరికాలో మిగిలి ఉన్న బిగ్ బాయ్ హోటళ్ళలో ఇదే అతి పాతది. వాకిట్లో గళ్ళ బట్టలు తొడుక్కుని, హాంబర్గరు చేత్తో ఎత్తి పట్టుకున్న బొద్దు కుర్రాడి బొమ్మ. శుక్రవారం వస్తే చాలు, చుట్టుపక్కల పాతకార్ల వాళ్ళంతా ఇక్కడికి చేరుతారు. టిక్కెట్టు లేదు, ఆహ్వానపత్రిక లేదు. కారు నిలబెట్టి, బానెట్ ఎత్తి, పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చోవడమే. మన పశువుల సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసినట్టు వచ్చినవాళ్ళు బానెట్‌లోకి తొంగిచూస్తారు!

ఇక్కడ రెండు జాతులున్నాయి. ఒకటి, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచేవాళ్ళు. మరలు సైతం మార్చరు. రెండోది, పైకప్పు కోసి కిందికి దించి, మంటల బొమ్మలు వేయించి, ఇంజను బయటికి కనబడేలా బిగించుకునే హాట్‌రాడ్ బాపతు. రెండు జాతులూ పక్కపక్కనే కూర్చుని మిల్కుషేకు తాగుతాయి. ఒకరి కారును ఒకరు మెచ్చుకుంటారు. కొనుక్కోమంటే మాత్రం తల అడ్డంగా ఆడిస్తారు!

మా పక్కన 1957 షెవర్లే నిలబెట్టుకున్న పెద్దాయన స్టూడియోలో రవాణా విభాగంలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. బావ తన ప్రణాళిక అంతా ఏకరువు పెట్టాడు. ఆయన కాదనలేదు, ఔననలేదు. మెల్లగా లేచి వచ్చి, మస్టాంగ్ బానెట్ ఎత్తించి, డ్రైవరు వైపు లోపలి రేకు మీద కొట్టి ఉన్న నంబరును చేతి గుడ్డతో తుడిచాడు.

“చదువు” అన్నాడు.

6, ఆర్, 07, టి... ఆపైన ఆరంకెలు. ఒక్కో అక్షరానికీ ఆయన అర్థం చెబుతూ వచ్చాడు. 6 అంటే 1966. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హొసే ఫ్యాక్టరీ. 07 అంటే గట్టి పైకప్పున్న రెండు తలుపుల కారు. టి అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను.

అంటే ఇది కారు జాతకం అన్నమాట! బావ రేపు ఎంత గొప్ప ఇంజను తెచ్చి బిగించినా ఆ ‘టి’ అక్షరం అక్కడే ఉంటుంది. కొనేవాడు చేసే మొదటి పని దాన్ని చదవడం. చెరిపి వేరే అక్షరం కొడదామంటే అది నేరం. పైగా దొంగకు ఆనవాళ్ళు ఒకటా రెండా? ఆరు సిలిండర్ల మస్టాంగ్ చక్రానికి నాలుగు నట్లు, ఎనిమిది సిలిండర్లదానికి అయిదు. తలుపు అంచున ఉన్న రేకు మీద రంగు సంకేతం కూడా ఉంటుంది. నీలంగా పుట్టిన కారు ఎర్రబడితే ఆ రేకే సాక్ష్యం చెబుతుంది.

“ఎనిమిది సిలిండర్ల కారుకు ధర ఎక్కువేగా?” అని బావ పట్టు వదల్లేదు.

ఎక్కువే, అది ఫ్యాక్టరీలో అలా పుట్టి ఉంటే. తర్వాత మార్చినదానికి ఆ ధర రాదు. మార్చడానికయిన ఖర్చులో కొంత వస్తే అదే అదృష్టం. ఎందుకంటే ఎరుపు నీ ఇష్టం, పెద్ద చక్రాలు నీ ఇష్టం. నీ ఇష్టానికి ఎదుటివాడు డబ్బివ్వడు. ఇదీ పెద్దాయన చెప్పినదాని సారాంశం. అక్కయ్య ముఖంలో అప్పుడే కాస్త వెలుగు వచ్చింది.

ఒక్క డాలరు కారు

బావ కూడా తక్కువవాడు కాదు. “మరి బ్యాట్‌మ్యాన్ కారు సంగతేమిటండీ?” అని అడిగాడు. పాయింటే!

ఇదే రివర్‌సైడ్ రోడ్డు మీద పడమరగా కొద్దిదూరం పోతే జార్జి బారిస్ అనే కార్ల శిల్పి దుకాణం ఉండేది. సినిమాలకు, టీవీలకు విచిత్రమైన కార్లు చేసిపెట్టడంలో ఆయన పేరు మోగిపోయింది. 2015లో కాలం చేశాడు. ఈయన దగ్గరికి ‘లింకన్ ఫ్యూచురా’ అనే కారు వచ్చింది. 1955లో ప్రదర్శన కోసం ఇటలీలో చేయించిన ఒకే ఒక్క కారు అది. అప్పట్లో దానికి రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయిందని చెబుతారు. 1959లో ‘ఇట్ స్టార్టెడ్ విత్ ఎ కిస్’ అనే సినిమాలో ఎర్రరంగు పూసుకుని నటించింది కూడా. వేషాలు అయిపోయిన నటిలా ఓ మూల పడి ఉంటే బారిస్ దాన్ని ఒక్క డాలరుకు కొన్నాడట!

టీవీలో ‘బ్యాట్‌మ్యాన్’ మొదలవబోతోంది, కారు కావాలి, వ్యవధి మూడు వారాలు. బారిస్ ఆ ఫ్యూచురాను కోశాడు, వంచాడు, నల్లరంగు పూశాడు, గబ్బిలం రెక్కలు తొడిగాడు. 1966లో అది తెరమీద కనబడింది. 2013 జనవరిలో అరిజోనా రాష్ట్రంలోని స్కాట్స్‌డేల్‌లో వేలానికి వచ్చింది. కమీషనుతో కలిపి 46 లక్షల 20 వేల డాలర్లు! ఆనాటి మారకంలో సుమారు 25 కోట్ల రూపాయలు.

ఒరిజినల్‌ను నరికి ముక్కలు చేసిన కారే కదా ఇది? మరి ఇంత ధర ఎందుకు? పెద్దాయన నవ్వి, మర్నాడు పీటర్సన్ మ్యూజియం చూసి రమ్మన్నాడు.

ఆకుపచ్చ జాగ్వార్

పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియం లాస్ ఏంజెలిస్‌లో విల్‌షైర్ రోడ్డు, ఫెయిర్‌ఫాక్స్ రోడ్డు కలిసే కూడలిలో ఉంది. ఒకప్పటి బట్టల కొట్టు భవనంలో 1994లో తెరిచారు. 2015లో ఎర్రటి గోడల చుట్టూ వెండి రిబ్బన్లు చుట్టినట్టు కొత్త ముస్తాబు చేశారు. నేలమాళిగలో వరసలు వరసలుగా కార్లు. గుడిలో మాట్లాడినట్టు జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

అక్కడ చూశాను స్టీవ్ మెక్వీన్ గారి జాగ్వార్ ఎక్స్‌కేఎస్ఎస్‌ను. 1957లో జాగ్వార్ ఫ్యాక్టరీ తగలబడటంతో ఈ రకం కార్లు 16 మాత్రమే తయారయ్యాయి. మెక్వీన్ కారు పుట్టినప్పుడు తెలుపు, లోపల ఎరుపు. ఆయన దానికి ముదురు ఆకుపచ్చ రంగు వేయించుకున్నాడు, లోపల నల్ల తోలు కుట్టించుకున్నాడు. ‘ఒరిజినల్’ సూత్రం ప్రకారం ఇది చెడిపోయిన కారు కావాలి. కానీ దాన్ని మళ్ళీ తెల్లగా మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ ఆకుపచ్చను మెక్వీన్ కోరి వేయించుకున్నాడు మరి. తెల్లగా మారిస్తే మిగతా పదిహేనింటిలో అదీ ఒకటవుతుంది. ఆకుపచ్చగా ఉంటే లోకంలో ఒక్కటే!

నాకు విషయం అక్కడ వెలిగింది. ధర పలికేది మార్పు జరగకపోవడానికి కాదు. కారు కథ తెగకుండా ఉండటానికి. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు – ఈ మూడింటికీ చెప్పుకోదగ్గ జవాబుంటే మార్పు కూడా చరిత్రే. లేకపోతే అది అతుకు.

రంగు వేయకుండా మిగిలిన మస్టాంగ్

మెక్వీన్ పేరు వచ్చింది కాబట్టి ‘బులిట్’ కారు సంగతి చెప్పకపోతే పాపం. 1968లో వచ్చిన ఆ సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో గుట్టల మీద కార్ల వేట చూసి ఊపిరి బిగబట్టని ప్రేక్షకుడు లేడు. అందులో వాడినవి రెండు ఆకుపచ్చ మస్టాంగులు. రెండూ మా బావ కారు పుట్టిన శాన్ హొసే ఫ్యాక్టరీలోనే పుట్టాయి.

మొదటిదాన్ని 1974లో ఒక కుటుంబం పత్రికలో ప్రకటన చూసి 6,000 డాలర్లకు కొన్నది. ఇంటావిడ బడిలో పాఠాలు చెప్పడానికి అందులోనే వెళ్ళివచ్చేది! 1977లో సాక్షాత్తు మెక్వీనే ఉత్తరం రాసి తిరిగి ఇమ్మన్నాడు. వాళ్ళు ఇవ్వలేదు. 1980లో క్లచ్చి పోయాక కారు షెడ్డెక్కింది. కొత్త రంగు వేయలేదు, సొట్టలు తీయించలేదు. షూటింగులో కెమెరా బిగించడానికి అడుగున వెల్డింగు చేసిన ఇనుప ముక్కలు కూడా అలాగే ఉన్నాయి. 2018లో దాన్ని బయటపెట్టారు. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమీ వేలంలో కమీషనుతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. రూపాయల్లో సుమారు 26 కోట్లు.

రెండో మస్టాంగ్ కథ వింటే గుండె గుభేలుమంటుంది. దూకుడు దృశ్యాల్లో నలిగిపోయిన ఆ కారు మెక్సికోలో తుక్కుగా పడి ఉండగా ఇద్దరికి దొరికింది. వాళ్ళు దాన్ని ‘గాన్ ఇన్ సిక్స్‌టీ సెకండ్స్’ సినిమాలోని మస్టాంగ్‌కు నకలుగా మార్చబోయారు. కొయ్యడానికి ముందు నంబరు పట్టి చూస్తే అసలు సంగతి 2017లో తేలింది. ఇంకొంచెం ఆలస్యమైతే అసలు హీరో మరో సినిమా హీరోకి డూపుగా మిగిలేవాడు!

దీనికి పూర్తిగా తిరగబడిన కథ జేమ్స్‌బాండ్‌ది. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లో తుపాకులు, ఎగిరే సీటు ఉన్న ఆస్టన్ మార్టిన్ డిబి5 గుర్తుందా? ప్రచారం ముగిశాక ఆ తమాషాలన్నీ ఊడదీసి మామూలు పాతకారుగా అమ్మేశారు. అంటే బుద్ధిగా ‘ఒరిజినల్’ చేశారన్నమాట! అసలు విలువంతా ఊడదీసినవాటిలోనే ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. తర్వాతి యజమాని మళ్ళీ బిగించుకున్నాడు. 1997లో ఫ్లోరిడాలో ఆ కారును దొంగలెత్తుకుపోయారు. ‘థండర్‌బాల్’ ప్రచారానికి అమెరికాలో తిప్పిన ఇంకో డిబి5, తెరమీద ఎక్కడా కనబడనిదే, 2019లో 63 లక్షల 85 వేల డాలర్లు పలికింది. దాని తమాషాలు ఆనాడు బాండు కంపెనీ కోసం బిగించినవే కాబట్టి!

బావ ఏం చేశాడు?

మ్యూజియం నుంచి ఇంటికి వచ్చాక బావ కారు ముందరి అరలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ముసలావిడ కారుతోపాటు ఇచ్చిందట, ఆయన తెరిచి చూడనే లేదు. 1966 నాటి కొనుగోలు రసీదు. యజమాని పుస్తకం. ఒక చిన్న నోటుబుక్కు. ఆవిడ భర్త ఇంజను ఆయిలు మార్చిన ప్రతి తేదీ, అప్పటికి తిరిగిన మైళ్ళు, టైరు మార్చిన రోజు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టుకున్నాడు. చివరి పుటల్లో చేతిరాత వణికింది. ఆ తర్వాత తెల్లకాగితాలు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. “ఈయన కారుకు నేను ఎర్రరంగు కొట్టిద్దామనుకున్నాను” అన్నాడు బావ చివరికి.

తర్వాతి శుక్రవారం ఆ నోటుబుక్కు పెద్దాయనకు చూపించాం. కారుకంటే ముందు దీన్ని ఇనప్పెట్టెలో పెట్టు అన్నాడాయన. అలాగని కారును పూజగదిలో పెట్టమనలేదు. 1966 మస్టాంగ్‌లో బ్రేకు నూనెకు ఒకటే అర. ఒకచోట కారిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. 1967 నుంచే రెండు అరలు వచ్చాయి. రోడ్డెక్కే కారుకు అది మార్చుకోవాలి, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేసుకోవాలి. ప్రాణానికి ధర కట్టలేం కదా! కానీ ఏ రేకూ కోయకుండా, ఏ రంధ్రమూ పెట్టకుండా, రేపు ఊడదీస్తే మళ్ళీ పాతది బిగించేలా చేయించుకోవాలి. ఊడదీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి దాచిపెట్టాలి. ఇలాంటి మార్పుకు కొనేవాడు ధర తగ్గించడు. కొందరైతే సంతోషిస్తారు.

ఈ లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోనే సింగర్ అనే సంస్థ ఉంది. పాత పోర్షె 911లను విప్పి సరికొత్తగా చేస్తుంది. ఆ కార్ల ధర లక్షల డాలర్లలోనే. అక్కడ కొనేవాడు ఆ చేతి పేరుకు డబ్బిస్తాడు. వీధి చివరి షెడ్డులో, ఎవరు చేశారో తెలియని పనికి ఆ భాగ్యం పట్టదు.

నేను బయల్దేరే నాటికి బావ కారుకు కొత్త బ్రేకులు, సీటు బెల్టులు వచ్చాయి. షెడ్డులో అటక మీద చీటీలు కట్టిన అట్టపెట్టెలు నాలుగు చేరాయి. రంగు అదే వెలిసిన నీలం. ఎర్రరంగుకని పక్కన పెట్టిన డబ్బును అక్కయ్య పిల్ల పేరు మీద బ్యాంకులో వేయించింది. బావ ఉద్యోగం ఇంకా ఊగుతూనే ఉంది. అమ్మవలసి వస్తే మాత్రం చేతిలో ఉన్నది నమ్మకమైన సరుకు.

మన షెడ్లలో...

ఇదంతా డాలర్ల గొడవ, మనకెందుకు అంటారా? ఆగండి. మన కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021లో పాత వాహనాలకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన కార్లు, మోటారు సైకిళ్ళు ‘వింటేజి’ కింద లెక్క. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, మళ్ళీ చేయించుకోవడానికి 5,000. నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు ఇస్తారు. నమోదు పదేళ్ళు చెల్లుతుంది. అద్దెలకు, రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు. అసలు షరతు వేరే ఉంది. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి, చట్రంలోగానీ బాడీలోగానీ ఇంజనులోగానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. శుక్రవారం సంతలో పెద్దాయన చెప్పిన మాటనే మన ప్రభుత్వం చట్టం భాషలో చెప్పిందన్నమాట!

ఒకప్పుడు మన దేశంలో పాత ప్లిమత్తులకు, డాడ్జిలకు పెట్రోలు పోయలేక డీజిలు ఇంజన్లు బిగించి టాక్సీలు తిప్పారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. అది కడుపు కోసం చేసిన పని, ఆ డీజిలు ఇంజనే లేకపోతే సగం కార్లు ఆనాడే తుక్కయిపోయేవి. కానీ ఇవాళ కాలం వేరు. 2018లో ‘మహానటి’ చూసినవారికి అందులో పాతకార్ల అందం గుర్తుండే ఉంటుంది. అలాంటి సినిమాలు తీసేవాళ్ళు వెతికేది ఆనాటి కారు ఆనాటిలా ఉందా అనే.

కనుక పాఠకులారా, మీ తాతగారి అంబాసిడరో, నాన్నగారి ఫియటో పెరటి షెడ్డులో ఉంటే తొందరపడకండి. మొదట ఆర్‌సీ పుస్తకం, పాత రసీదులు వెతికిపెట్టండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంతో సరిపోతున్నాయేమో చూసుకోండి. మేస్త్రీ “ఈ పాత భాగాలెందుకు సార్, పారేస్తాను” అంటే పారేయనివ్వకండి. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. వేయించిన రంగు కింద పోయినదాన్ని తిరిగి తేవడం మాత్రం ఏ మేస్త్రీ తరమూ కాదు.